ఆపిన వరద ఎటు పోయింది?

రాజోలు సెంటర్లో డీటీపీ షాపు నడిపే సూర్యకుమారిగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. టైపు చేస్తున్న కాగితంలో ఎవరుంటే వాళ్ళ మీద కోపం తెచ్చుకుంటారు. పెళ్ళికార్డు ఇస్తే, "పెళ్ళికూతురి పేరు కన్నా వాళ్ళ మావయ్య డిగ్రీలు పెద్దక్షరాల్లో ఎందుకండీ?" అని తగువు. ఉద్యోగానికి దరఖాస్తు ఇస్తే, "కష్టపడే స్వభావం అని రాసేవు. మొన్న మధ్యాహ్నం క్యారమ్స్ ఆడుతున్నదెవరయ్యా?" అని నిలదీత.

అలాంటి మనిషి చేతిలో దుర్గాశ్రీ తన మూడేళ్ళ కష్టాన్ని పెట్టింది. మూడు నోటుబుక్కుల ఫాంటసీ నవల. శుక్రవారం సాయంత్రం ఐదులోగా పోటీకి పంపాలి. కథానాయిక వజ్రలేఖ కన్నెర్రజేస్తే సైన్యాలు బూడిదైపోతాయి.

బుధవారానికి గొడవ మొదలైంది.

"అమ్మాయ్, పదహారు అధ్యాయాలయ్యేయి. ఈ పిల్ల గుక్కెడు మజ్జిగైనా తాగదేంటి?"

"దేవతాంశ కదండీ పిన్నిగారూ."

"ఐనవిల్లి వినాయకుడికే పూటపూటా నైవేద్యం పెడుతున్నాం. ఈవిడ ఆయన కన్నా గొప్పదా?"

సూర్యకుమారిగారు పేజీ తిప్పారు.

"చిటికెన వేలితో గోదారి వరద ఆపేసిందన్నావు. ఆపి, నీళ్ళెటు పంపింది?"

"ఎటో పంపిందండీ."

"ఎటో ఏంటి? ఇటు రానివి అవతల, ఏటి మధ్య లంకల్లోకే పోతాయి. అక్కడున్నవాళ్ళు మనుషులు కారా?"

"కథండీ!"

"కథైతే మాత్రం లంకలోవాళ్ళు మునిగిపోవాలా?"

దుర్గాశ్రీకి ఒళ్ళు మండిపోయింది. "మగాడు ఒంటిచేత్తో వందమందిని ఎగరగొడితే ఈలలేస్తారు. ఆడపిల్లకి బలమిస్తే మాత్రం ఇన్ని ఆరాలా?"

"మగాళ్ళనీ అడిగేను. ఆనందరావు మాస్టారు తన డిటెక్టివ్ నవలలు ఇక్కడికి తేవడం ఎందుకు మానేసేరనుకున్నావు?"

"నాకు మీ షాపూ వద్దు, ఆ పోటీ వద్దు!"

చివరి అధ్యాయం ఒక్కటే ఉన్న మూడో పుస్తకం లాక్కుని వెళ్ళిపోయింది. గురువారమంతా ఇంట్లో గిన్నెల మీద కోపం తీర్చుకుంది. తనదంటూ చెప్పుకోవడానికి ఆమెకి ఆ నవల తప్ప ఏమీ లేదు. ఇంట్లో ఒక్కరూ ఒక్క పేజీ చదవలేదు. చదివిన ఒక్క మనిషీ ఇలా తగలడింది.

శుక్రవారం మూడింటికి, మిగిలిన రెండు పుస్తకాలు తెచ్చేసుకుందామని బయల్దేరింది. షాపు మెట్టు దగ్గరే కేకలు వినిపించాయి. జిరాక్సు కోసం వచ్చిన ఆనందరావు మాస్టారు కంప్యూటర్లో పేజీ చదివి నవ్వినట్టున్నారు.

"ఆడపిల్లేంటి, వేలితో వరద ఆపడమేంటండీ? నమ్మేట్టుందా?"

"మీ డిటెక్టివు తుపాకీ గుండుని పళ్ళతో పట్టుకున్నాడే, అది నమ్మేట్టుందా? వజ్రలేఖ ఆపగలదు! అంత బలముంది గనకే నీళ్ళెటు పోయేయని అడుగుతున్నాను. చేతకానిదాన్ని ఎవరడుగుతారండీ? పట్టుకెళ్ళండి మీ కాగితాలు!"

"ఆయ్, ఆపుతుందండీ, ఆపుతుంది," అంటూ మాస్టారు బయటపడ్డారు.

దుర్గాశ్రీ లోపలికి వెళ్ళి చూస్తే రెండు పుస్తకాలూ టైపై ఉన్నాయి. ఒక్క మాట కూడా మార్చలేదు.

"మీకు నచ్చలేదు కదండీ?" అంది.

"నచ్చకపోతే తిట్టడం దేనికి? మూసి పక్కన పడేద్దును. మూడో పుస్తకమేదీ? టైమైపోతోంది!"

షట్టరు సగం దించేశారు. చివరి అధ్యాయం టైపు చేయడం పూర్తయ్యేసరికి ముప్పావుగంట మిగిలింది. దుర్గాశ్రీ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"వరద దగ్గరికి వెళ్ళండి పిన్నిగారూ. కొత్తగా చెప్తాను, కొట్టండి. అవతల లంకల్లోంచి ఏడుపులు వినిపించాయి. వేలు దించితే ఈ ఊరు పోతుంది. దించకపోతే ఆ ఊరు పోతుంది. మొదటిసారి వజ్రలేఖ చెయ్యి వణికింది."

సూర్యకుమారిగారి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఏ చెయ్యి?" అన్నారు కోపంగా.

"కుడిదండీ."

"రెండోది ఖాళీయేగా! పడవలవాళ్ళని రమ్మని ఊపమను. అన్నీ ఒక్కతే చెయ్యాలంటే ఎలాగ?"

దుర్గాశ్రీ నవ్వేసి, ఊపించింది. పడవలొచ్చాయి. ఐదుకి ఏడు నిమిషాల ముందు నవల మెయిల్లో పోటీకి వెళ్ళిపోయింది.

షట్టరు ఎత్తేసరికి జిరాక్సుల కోసం వచ్చినవాళ్ళు పదిమంది మొహాలు మాడ్చుకుని నిలబడి ఉన్నారు.

"లంకలో జనాన్ని ఒడ్డుకి చేర్చి వస్తున్నామండీ!" అని సూర్యకుమారిగారు వాళ్ళ మీద విరుచుకుపడ్డారు. "ఆ మాత్రం ఆగలేరా?"