జాయింటులో లేని రింగులు

గుజరాత్‌లో భూకంపం వచ్చిన 2001లోనే బెంగళూరు కుందలహళ్ళిలో ఒక ఆఫీసు భవనం మొదలైంది. ఉక్కు స్తంభాలు నిలిపి, వాటి చుట్టూ కాంక్రీటు పోసే పద్ధతి. డిజైన్ ఇంజినీరు ప్రేమకుమారిది. కె.ఆర్.పురంలో అద్దె గదిలో ఒంటరిగా ఉంటూ, సొంతంగా డిజైన్లు చేసుకునే ఆమెకు అంతవరకు దొరికినవన్నీ చిన్న ఇళ్ళే. ఇది బాగా పూర్తయితే రెండో భవనం కూడా ఆమెకే ఇస్తానని కాంట్రాక్టరు రాజగోపాల్ మాటిచ్చాడు.

మొదటి స్లాబు వేసే ఉదయం ఆమె పైకెక్కేసరికి మిక్సర్‌కు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టేశారు. ఆమె ప్రతి స్తంభం దగ్గరా వంగి చూసింది. దూలం వచ్చి స్తంభాన్ని కలిసే చోట, స్తంభం చుట్టూ ఉండాల్సిన రింగులు లేవు. భూమి ఊగితే ఉక్కు వంగి నిలదొక్కుకుంటుంది. కాంక్రీటు పగిలి రాలుతుంది. దాన్ని రాలనీయకుండా బిగించి పట్టేవి ఆ ఇనుప రింగులే.

"రింగులేవి, అంజినప్పా?"

కడ్డీల మేస్త్రీ అంజినప్ప తడుముకోలేదు. "ఉండాయి గదమ్మా! బొమ్మసంద్ర ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఉక్కు దూలాలకు బొక్కలే పెట్టలే. రింగు యాడ దూరుతాది? సగం పైన, సగం కింద కట్టేస్తి. లెక్కకు లెక్క సరి."

లెక్క సరే, చోటే తప్పు.

"బొక్కలు వేసి రింగులు దూర్చేదాకా కాంక్రీటు వద్దు."

రాజగోపాల్ నవ్వాడు. "మేడం, బెంగళూరులో ట్రాఫిక్కే కదలదు, భూమి కదులుతుందా? పూజ అయిపోయింది, కాంక్రీటు వేయొచ్చని సైన్ చేసేయండి."

"పూజయినంక ఆపితే అరిష్టమమ్మా," అంది తట్ట పట్టుకుని నిలబడిన కూలీ సుంకమ్మ.

భూకంపాల పటంలో ఈ ఊరు తక్కువ ప్రమాదమున్న చోటేనని అక్కడున్న అందరికంటే ప్రేమకుమారికే బాగా తెలుసు. తక్కువంటే లేదని కాదు. ఆమె సంతకం చేయలేదు. కూలీలు గొణుక్కుంటూ దిగిపోయారు. కింద అందరికీ టీ వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

తరువాతి రోజుల్లో దూలాలకు డ్రిల్లు పెడుతున్నంతసేపూ పక్కనే నిలబడింది. రింగులు దూరాయి, కాంక్రీటు వాటిని కప్పేసింది. ఆ పని విలువ చెప్పగలిగేది భూకంపం ఒక్కటే; అది ఎన్నటికీ రాకూడదనే ఆమె కోరిక. ఈ మాట పంచుకోవడానికి ఆమెకు ఎవరూ లేరు.

నెల తిరక్కుండానే రాజగోపాల్ ఫోన్ చేశాడు. "రెండో బిల్డింగు వేరే ఆయనకిచ్చినాం మేడం. ఏమనుకోవద్దు."

"ఏమీ అనుకోను. జాయింట్లలో రింగులు చూసుకోమని ఆయనకు చెప్పండి."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. ఆమె రిసీవరును చెవి దగ్గరే ఉంచుకొని, "స్లాబు వేయకముందే," అంది.