అవ్వ ఫోన్‌కు వాటా

మా బాపుది చేవెళ్లలో కిరాణా కొట్టు. చెప్పిన ధరకే ఒప్పుకునేవాడు మా ఇంట్లో పుట్టడు, పుట్టినా వాడికి అన్నం దొరకదు. అందుకే ఆ పొద్దున వదిన చేను దగ్గర్నుంచి నాకు కబురు పెట్టింది. కొత్తిమీర పీకి, కట్టలు కట్టి, తడి గోనెలు కప్పి ఉంచింది. కొనే కంపెనీ ధర ఫోన్‌లో వచ్చింది, నిన్నటికంటే తక్కువ. ఎండ ముదిరేలోగా మొయినాబాద్ షెడ్డుకు చేరకపోతే కట్టలన్నీ బర్రెకే.

"బేరగానివి గద మర్దీ, జర నీ తెలివి జూపియ్యి" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

తెర మీద రెండే మాటలు: సరే, వద్దు. మనిషైతే నవ్వి, వంక పెట్టి, బాపు పేరు చెప్పి ఒక మెట్టు ఎక్కించేవాణ్ణి. ఇక్కడ ఎవరి మొహం చూసి నవ్వాలి? కొట్టు దిగి నడిస్తే వెనక్కి పిలుస్తారన్నది మా వంశం నమ్మకం. 'వద్దు' నొక్కి, ఫోన్ గట్టు మీద పెట్టి, అక్కర లేనట్టు అటు తిరిగి నిలబడ్డాను. మోగింది.

"పిలిచిండ్రా?" అంది వదిన.

"ధన్యవాదాలు, రేపు కలుద్దాం అంటున్నరు."

"మంచిగ కలుస్తరు! రేపటికి ఇది గడ్డి."

పక్క చేను అవ్వ ఇదంతా చూసి కొంగులోంచి తన ఫోన్ తీసింది. "నాది గూడ పొద్దుగాల్నుంచి మోగుతున్నది. ఏందో సదువు బిడ్డా."

ఏడాదిగా అవ్వ చేను బీడే. అయినా అదే కంపెనీ, అదే కొత్తిమీర, ధర మాత్రం వదినకు చెప్పినదానికి దాదాపు రెట్టింపు. పైన "మీరు లేక వెలితిగా ఉంది" అని ప్రేమ ఒకటి. రోజూ సరే అనేదానికి కోత, మొహమే చూపనిదానికి కానుక!

షెడ్డులో పంట ఎవరిదని అడగరు, ఫోన్ నంబరు అడుగుతారు. 'సరే' నొక్కబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నాకెంత?"

"నీకెందుకవ్వా? నీళ్లు పెట్టింది వదిన, పీకింది వదిన."

"ధర తెచ్చింది నా ఫోన్ గద."

"అదేం పని చేసింది?"

"ఏం జెయ్యలె. గందుకే గంత ఇస్తుండ్రు. పని జేసినోళ్లకు ఎంతిచ్చిండ్రో మీ వదిన ఫోన్ల జూడలేదా?"

వదిన ధర కంటే ఎక్కువ వచ్చేదాంట్లో సగం కావాలంది అవ్వ. పావు అన్నాను. అవ్వ తీరిగ్గా గోనె ఎత్తి, "తలకాయలు వంచుతున్నయ్ బిడ్డా" అంది.

"ఇచ్చెయ్ మర్దీ" అంది వదిన, నా వైపు చూడకుండా.

సగానికే ఒప్పుకుని, అవ్వ ఫోన్‌లో 'సరే' నొక్కాను. మూటలు స్కూటర్ మీద కడుతుంటే అవ్వ రెండు కట్టలు లాగి ఒళ్లో వేసుకుంది. "అది గూడ ఫోన్‌కేనా?" అన్నాను.

"ఫోన్ పచ్చడి తింటదా? నాకు."

కట్టలు వాడిపోకముందే షెడ్డుకు చేరాను. తూకం వేసే ఆయన నేను చెప్పిన అవ్వ నంబరు కొట్టి, తెర చూసి, తల ఎత్తకుండానే అన్నాడు: "చాన దినాలకొచ్చినవ్, అవ్వా!"

ధర మళ్లీ మారుతుందేమోనని "అవును బిడ్డా" అన్నాను.