లిఫ్టు ఆపరేటరు పేరుతో

మా బావ పదిహేనేళ్ళుగా ఒకే ఆస్పత్రిలో కంప్యూటర్ల నెట్‌వర్కు చూస్తున్నాడు. అక్కడే సిబ్బంది విభాగంలో నేను గుమాస్తాని. నేను పర్మనెంటు, ఆయన కాంట్రాక్టు. ఇంట్లో ఈ మాట ఎవరం ఎత్తం. మా అక్క ఎత్తకుండానే గుర్తు చేస్తుంది.

నెట్‌వర్కును నడిపే సాఫ్ట్‌వేరు ఒకటుంది. కంప్యూటరు మొరాయిస్తే ఫిర్యాదు రాయడానికి సిబ్బంది అంతా అందులోకే రావాలి. అందరి పాస్‌వర్డులూ బావే పెట్టేవాడు. పెద్ద డాక్టరుగారు నెలకోసారి మరిచిపోయి, తప్పు బావదన్నట్టు చూసేవారు.

ఈ ఏడాది తనిఖీవాళ్ళు ఆ పద్ధతి కుదరదన్నారు. సాఫ్ట్‌వేరు ఎవరి పేరూ తన దగ్గర పెట్టుకోకూడదట. ఎవరొచ్చినా, సిబ్బంది జాబితా ఉన్న వేరే సర్వరును అడిగి, అది సరేనంటేనే రానివ్వాలట. ఈ పని సవ్యంగా చేస్తే పర్మనెంటు చెయ్యమని బోర్డుకి రాస్తానని సూపరింటెండెంటుగారు బావకి మాటిచ్చారు. ఆ వారం మా అక్క నాతో కూడా ప్రేమగా మాట్లాడింది.

బావ మూడు రోజుల్లో పని ముగించాడు. నర్సుల చేత, ఫార్మసిస్టు చేత లాగిన్ చేయించి చూశాడు. అత్యవసరానికి పాత ఖాతా ఒకటి ఉంచుకోమని సాఫ్ట్‌వేరే సలహా ఇచ్చింది. మినహాయింపులు వద్దని తనిఖీవాళ్ళు రాశారు కదా అని దాన్ని కూడా తీసేశాడు. తన లాగిన్ మాత్రం చూసుకోలేదు. పదిహేనేళ్ళుగా ఉన్న మనిషికి తాను ఉన్నాడా లేడా అన్న అనుమానం ఎందుకొస్తుంది?

సాఫ్ట్‌వేరులోంచి బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళబోతే, ఈ పేరుతో ఎవరూ లేరని వచ్చింది. మూడుసార్లు కొట్టి నా దగ్గరికొచ్చాడు. జాబితా తయారుచేసింది నేనే.

"అందులో పర్మనెంటువాళ్ళే ఉంటారు బావా," అన్నాను.

"ఓహో," అన్నాడు.

పేరు ఎక్కించాలంటే ఉద్యోగి నంబరు కావాలి, నంబరుకి నియామక పత్రం కావాలి. ఈలోగా ప్రసూతి వార్డులో కంప్యూటర్లు ఆగిపోయాయి. సూపరింటెండెంటుగారు అయిదు నిమిషాలు ఆలోచించి, లిఫ్టు ఆపరేటరును పిలిపించారు. ఆయన పర్మనెంటు, పైగా లిఫ్టు రెండేళ్ళుగా పాడై ఉంది గనక తీరిగ్గా ఉన్నాడు. జాబితాలో ఆయన పేరు పక్కన నెట్‌వర్కు అధికారి అని నా చేతే రాయించారు. ఆ పేరుతో బావ లోపలికెళ్ళి వార్డును బాగుచేశాడు. తాత్కాలికమే అన్నారు. ఎనిమిది నెలలైంది.

మాటిచ్చినట్టే సూపరింటెండెంటుగారు బోర్డుకి రాశారు. బోర్డు సాఫ్ట్‌వేరు నుంచి రిపోర్టు తీయించి చూసింది. కాంట్రాక్టు మనిషి చేసిన పని ఒక్కటీ కనబడలేదనీ, ఎనిమిది వందల పైచిలుకు ఫిర్యాదులు తీర్చిన లిఫ్టు ఆపరేటరుకు ప్రశంసాపత్రం ఇవ్వమనీ జవాబొచ్చింది. ఆ ప్రశంసాపత్రం టైపు చేసింది నేను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు. లిఫ్టు ఆపరేటరు కూడా సిగ్గుపడి, అది తీసుకోనని మొండికేశాడు.

బావ ఆ పత్రాన్ని నిలబడే రెండుసార్లు చదివాడు. ఆయన కోప్పడితే బాగుండునని ఎదురుచూశాను.

"నా పని గురించి కాగితం మీద రాయడం ఇదే మొదటిసారిరా," అన్నాడు. "ఒక కాపీ తీసివ్వు. మీ అక్కకి చూపిస్తాను."