బాపు కుట్టిన ఉన్ని పరుపు

నా బిడ్డ పుట్టిన ఇరవై రెండో రోజున అత్తమ్మ ఊరికి వెళ్లిపోయింది. అది పత్తి ఏరే కాలం. ఇంకా ఉండమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. పుట్టింట్లో బాపు ఒక్కడే, ఆయనా పొద్దంతా గొర్రెల వెంటే. అందుకే పురుటికి నేను ఎక్కడికీ పోలేదు. గోదావరిఖనిలో మా రెండు గదుల క్వార్టర్‌లోనే ఉండిపోయాను.

మా ఆయనకు బొగ్గుబావిలో పని. ఆ నెలంతా మొదటి షిఫ్టు. వచ్చి స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, బిడ్డ మొహం ఒకసారి చూసి నిద్రలోకి జారిపోయేవాడు. అంత అలసిన మనిషిని ఏమని తప్పుపట్టాలి? కానీ రోజంతా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. బొగ్గు దుమ్ము రాకుండా క్వార్టర్ల లైన్‌లో అన్ని తలుపులూ మూసే ఉండేవి. ఒక్కోరోజు సాయంత్రం నోరు తెరిస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

బిడ్డ సరిగ్గా నిద్రపోయేది కాదు. బజారులో ఫోమ్ పరుపు కొని, తడి దిగకుండా దాని మీద రబ్బరు షీటు వేశాం. చలికాలమైనా పిల్ల వీపు చెమటతో తడిసేది. ఆ తడి చల్లబడగానే ఏడుపు అందుకునేది. మెడ వెనుక, వీపు మీద ఎర్రగా పొక్కులు లేచాయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరితే, అప్పుడే కన్ను మూసినది ఉలిక్కిపడి లేచేది. ఎత్తుకుని తిరుగుతూ దానితో పాటు నేనూ ఏడ్చేదాన్ని. ఒకసారి అలా ఏడుస్తున్నప్పుడే బాపు ఫోను చేశాడు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు బాపూ. పిల్ల పండుకుంటలేదు. వీపంత తడుస్తున్నది."

"దేని మీద పండవెడుతున్నవ్?" అని మాత్రం అడిగాడు.

మూడోనాడు పొద్దున తలుపు చప్పుడైంది. గోదావరి అవతల, జైపూర్ మండలం వైపు మా పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు బాపు. గొర్రెలను పక్కింటాయనకు అప్పజెప్పి వచ్చానన్నాడు. భుజం మీది బస్తా దించి మూతి విప్పితే నలుపూ తెలుపూ కలిసిన ఉన్ని.

"గొర్రెపిల్లల తొలి బొచ్చు. గొంగడి లెక్క గుచ్చుకోదు," అన్నాడు.

కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీళ్లలో దాన్ని ఉతికి, వెనుక వాకిట్లో పాత చీర మీద ఆరబెట్టాడు. బొగ్గు దుమ్ము పడకుండా పైన ఇంకో చీర పరిచాడు. మరునాడంతా గోడ నీడలో కూర్చుని ఒక్కో కుచ్చునూ వేళ్లతో విడదీశాడు. పల్లేరు ముళ్లు ఏరి పక్కన పెట్టాడు. బిడ్డను ఒళ్లో వేసుకుని నేను ఎదురుగా కూర్చున్నాను. బాపు మాటల మనిషి కాదు. చాలాసేపటి తర్వాత, తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వు పుట్టినప్పుడు నేను ఇంటి కాడ లేను. నీకు ఎరికేనా?"

నాకు తెలియదు. అమ్మ ఎన్నడూ చెప్పలేదు.

"ఆ ఏడు మేత లేకుండె. మంద వెంట దూరం పోయిన. వచ్చేసరికి నీకు మూడు నెల్లు. గొంగడి మీద మెత్తటి బట్ట ఏసి నిన్ను పండవెట్టింది మీ అమ్మ. ముట్టుకుంటే నీ వీపు పొడిగ, ఎచ్చగ ఉండె. గదే యాదికున్నది నాకు."

"అమ్మ ఏమన్నది నిన్ను?"

"ఏమనలె. అన్నం పెట్టింది."

మూడు నెలలు నన్ను ఎత్తుకుని ఒంటరిగా తిరిగిన అమ్మ నాకు అప్పుడు కనిపించింది. అప్పటికి ఆమె వయసు నాకంటే తక్కువే.

బాపు తన కొత్త ధోతి చింపి, మడిచి సంచిలా కుట్టాడు. ఉన్నిని అందులో పల్చగా, సమంగా పరిచి, ఒకచోట ముద్ద కాకుండా దబ్బనంతో అడ్డంగా, నిలువుగా కుట్లు వేశాడు. వంకర కుట్లే, కానీ గట్టివి. మర్నాడు పొక్కులు చూపించడానికి దవాఖానకు వెళ్తే, ఆ పరుపును చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని మాతో పాటే వచ్చాడు. సిస్టర్ ముందు బల్ల మీద పరిచాడు. ఆమె నవ్వి, అరచేత్తో గట్టిగా నొక్కి చూసింది.

"మెత్తగ దిగవడుతలేదు, మంచిదే. ఎల్లకిల పండవెట్టు. తల కింద మెత్తలు పెట్టకు, మొఖం మీదికి ఏం రావద్దు. ఒళ్లు ఎర్రగైతే మాత్రం తీసెయ్యమ్మా," అంది.

ఒళ్లు ఎర్రబడలేదు. రబ్బరు షీటు తీసేసి, ఉన్ని మీద నూలు బట్ట పరిచి పడుకోబెట్టాను. చెమటను ఉన్ని తనలోకి లాక్కుని మెల్లగా గాలికి వదిలేసేది. బట్ట తడిసి మార్చేటప్పుడు కూడా పిల్ల వీపు చల్లబడి ఉండేది కాదు. వారంలో పొక్కులు మానిపోయాయి. కొన్నాళ్లు గొర్రెల వాసన వచ్చింది. మా ఆయన ముక్కు ఎగబీల్చి, "మందల పండుకున్నట్టున్నది," అన్నాడు కానీ పరుపు తియ్యమనలేదు. పొద్దున కాసేపు ఎండలో వేసి దులిపితే చాలు, ఎండాకాలం కూడా పనికొచ్చింది.

బాపు నాలుగోనాడే వెళ్లిపోయాడు. ఇంకొక్క రోజు ఉండమన్నాను. గొర్రెలు ఇంకొకరి మాట వినవన్నాడు. ఆ మధ్యాహ్నం పిల్ల రెండు గంటలు కదలకుండా నిద్రపోయింది. బ్లాస్టింగ్‌కు పెదవులు కదిపిందంతే. ఆ నిద్ర కోసమే కదా నేను ఏడ్చింది! తీరా వచ్చాక ఇల్లు ఇంకా ఖాళీ అయిపోయింది. పిల్ల నిద్రపోతుంటే నాకు ఎత్తుకు తిరగడానికి కూడా ఎవరూ లేరు. పక్కన కూర్చుని దాని ఊపిరి వింటూ ఉండిపోయాను.

తర్వాత నేనే రోజూ బాపుకు ఫోను చేయడం మొదలుపెట్టాను. "పండుకున్నదా?" అంటాడు. "పండుకున్నది," అంటాను. ఒకరోజు మాత్రం ఆగలేక అడిగేశాను.

"బాపూ, గా మూడు నెల్లు ఒక్కతే ఎట్లున్నదో అమ్మ ఎన్నడన్న చెప్పిందా?"

అవతల గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"నేను అడుగలె బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత చాలాసేపు ఇద్దరమూ ఫోను పెట్టెయ్యలేదు.