మామ్మ దాచుకున్న కల

కలల్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తానని తాడేపల్లిగూడెం కాలేజీలో గొప్పలు పోయింది నేనే. అది నా ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. తలకి ఒక పట్టీ కట్టుకుని పడుకుంటే మెదడు తరంగాలు కంప్యూటర్లోకి వస్తాయి. లేవగానే పడుకున్నవాళ్లు చెప్పిన కలని ఆ తరంగాల పక్కన రాసిపెట్టాలి. అలా బోలెడు కలలు నేర్పితే, ఆ తర్వాత మనిషి నోరు విప్పకుండానే వచ్చింది మంచి కలో చెడ్డ కలో సాఫ్ట్‌వేరే చెప్పేస్తుంది.

కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లంతా మధ్యాహ్నం అన్నం తిని ఒక కునుకు తీస్తారు. సెలవుల్లో పట్టీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎవరూ కాదనలేదు. చెరువు గట్టు తెగిందట, చేపలన్నీ చచ్చి తేలాయట, పళ్లు ఊడాయట. మురిసిపోతూ అన్నీ రాసుకున్నాను.

కాలేజీకి తిరిగొచ్చాక మా గైడ్ మేడం పట్టీ కట్టుకుని కాసేపు నిద్రపోయారు. పుట్టింట్లో పూతరేకులు తింటున్నట్టు కలొచ్చిందని నవ్వుతూ లేచారు. తెర మీద మాత్రం చెడ్డ కల అని పడింది. ఎవరు పడుకున్నా అదే మాట. మేడం నా రాతలన్నీ తిరగేసి, ఇందులో మంచి కల ఒక్కటీ లేదేమిటని అడిగారు.

అప్పుడు వెలిగింది నాకు. మా ఊళ్లో చెడ్డ కల వస్తే వెంటనే పైకి చెప్పేస్తారు, చెబితే జరగదని. మంచి కల దాచుకుంటారు, చెబితే పోతుందని. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి ఆ సంగతే మర్చిపోయాను. నా తెలివి అలా తెల్లారింది.

వారం రోజులే గడువు. పరుగున ఊరెళ్లి అడిగితే, పట్టీ కట్టుకున్నప్పుడు మంచివీ వచ్చాయి గానీ చెప్పమండీ అని అందరూ నవ్వేశారు. ఇక మిగిలింది మా మామ్మ. పట్టీ కట్టిన ప్రతిసారీ నిద్రలో నవ్వేది. లేచాక గుర్తులేదనేది. మంచి కలలు లేకపోతే నా ప్రాజెక్టు పోయినట్టేనని ఆవిడ మంచం దగ్గర కూలబడ్డాను.

మామ్మ లేచి కూర్చుని నన్ను దగ్గరికి లాక్కుంది.

“కల్లోకి మీ తాత వత్తన్నాడే,” అంది. “పడవ కట్టేసి వచ్చి అన్నం పెట్టమంటాడు. పులుసు పోసుకుని కడుపునిండా తింటాడు. రాసుకో.”

తాతయ్య పోయి నాలుగేళ్లయింది. నేను పెన్ను కింద పెట్టేశాను.

“వద్దు మామ్మా. చెబితే పోతుందిగా,” అన్నాను.

“పోతే పోనియ్యవే. నువ్వు పాసవ్వాలి.”

మామ్మే చెప్పిందని తెలిసి ఇరుగూ పొరుగూ వచ్చి తలా ఒక మంచి కల చెప్పారు. ప్రాజెక్టు పాసైంది. నేను మాత్రం మామ్మ ఎదుట పడకుండా తప్పించుకు తిరిగాను. ఆవిడకి మిగిలిన ఆ ఒక్క సుఖాన్నీ నేను లాగేసుకున్నానేమోనని భయం.

ఫలితాలొచ్చాక ఇంటికెళ్లాను. మధ్యాహ్నం మామ్మ నిద్రలేచేదాకా పక్కనే కూర్చుని, తాతయ్య వచ్చాడా అని అడిగేశాను.

మామ్మ పైట చెంగుతో మూతి తుడుచుకుంటూ నవ్వు దాచుకుంది.

“చెప్పను పోవే,” అంది.

పాసైన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.