దాసయ్య తాడులో రెండో ముడి

జమ్మలమడుగులో క్రికెట్టు గురించి మాట్లాడేవాళ్లు వెయ్యిమంది ఉంటారు. బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడేవాడు ఒక్కడే. అతడే కాలేజీ అటెండరు దాసయ్య. మిగతా వెయ్యిమందినీ దాసయ్య మనుషుల కింద జమకట్టడు. "పొద్దుగూకులూ ఎండలో నిలబడుకోని, బంతి ఎప్పుడొస్తాదా అని సూసేది కూడా ఒక ఆటేనా అప్పా?" అంటాడు.

డిసెంబరులో కాలేజీల టోర్నమెంటు మొదలైందంటే దాసయ్య ఇంట్లో ఉన్నా లేనట్టే. క్రిస్మస్ నక్షత్రం కట్టమని భార్య రాములమ్మ అడిగీ అడిగీ, చివరికి తానే స్టూలెక్కి కట్టుకుంటుంది. ఆదివారం చర్చిలో ప్రార్థన అవసరతలు చెప్పమంటే ఒకామె మోకాళ్ల నొప్పులు చెబుతుంది, ఒకాయన కొడుకు ఉద్యోగం చెబుతాడు. దాసయ్య లేచి, "మన ఆడపిల్లల జట్టు మూడు పాయింట్ల షాట్ల కోసం" అంటాడు. మొదట్లో జనం ముసిముసిగా నవ్వేవాళ్లు. తర్వాత అలవాటైపోయి ఆమెన్ అంటున్నారు. దేవుడు మాత్రం విన్న జాడ లేదు. ఆ జట్టు అయిదుసార్లు ఫైనలుకు పోయి, అయిదుసార్లూ ఓడి వచ్చింది.

ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. రింగు ముందు విల్లులా వంగిన గీత ఒకటి ఉంటుంది. దాని లోపలి నుంచి బంతి వేస్తే రెండు పాయింట్లు, బయటి నుంచి వేస్తే మూడు. జమ్మలమడుగు ఆడపిల్లలు పొట్టివాళ్లు, రింగు దగ్గరికి చొచ్చుకుపోయే రకం కాదు. వాళ్ల ఆటంతా ఆ గీత బయటే.

ఆ గీత గీసేది దాసయ్య. అక్కడ సిమెంటు కోర్టు ఎక్కడిది? గరుసు మట్టి తోలి, రోలరు లాగిన నేల. తెల్లారగానే నీళ్లు చల్లి, సున్నంతో గీతలు పోయాలి. పాతికేళ్ల కిందట ఫిజికల్ డైరెక్టరుగా, అంటే పీడీగా ఉన్న వేదవ్యాస సారు ఒక నైలాన్ తాడుకు రెండు ముళ్లు వేసి దాసయ్య చేతికిచ్చాడు. మొదటి ముడి నడిమి వలయానికి. తాడు కొసను రింగు కింద మేకుకు తగిలించి, రెండో ముడి పట్టుకొని తిరిగితే మూడు పాయింట్ల గీత. "దాసయ్యా, ఎవరు మారినా ఈ ముడి మారకూడదు" అన్నాడాయన. అంతే, దాసయ్యకు బైబిలు తర్వాత ఆ తాడే. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెట్టేవాడు. పెళ్లినాటి ఫోటో కూడా ఆ ఇంట్లో అంత భద్రంగా లేదు.

వేదవ్యాస సారు రిటైరయ్యాక పీడీ పోస్టు నాలుగేళ్లు ఖాళీగా ఉంది. ఆ తర్వాత వచ్చిన విష్ణుతేజ సారుకు ఎండ పడదు. కోచ్ పేరు కాగితం మీద ఆయనది, గ్రౌండులో గొంతు దాసయ్యది.

లీగు మ్యాచులు ఏటా జమ్మలమడుగులోనే. బయటి నుంచి వచ్చే రిఫరీలకు గీత ఉంటే చాలు, అది ఎంత దూరాన ఉందో కొలిచే ఓపిక ఎవడికి? అక్కడ మన పిల్లలు వేసింది వేసినట్టు పడేది. పొద్దుటూరు పిల్లల బంతులేమో రింగు దాటి వెనక పలకకు ఠపీమని కొట్టుకునేవి. చూడాలి అప్పుడు దాసయ్య సంబరం! "మా పెన్నమ్మ ఏటి గాలి వేరప్పా, మీయట్లాంటోళ్లకు లొంగదు" అని పొద్దుటూరు అన్సర్‌ని ఏడిపించేవాడు. అన్సర్ అక్కడి చీరల కొట్లో సేల్స్‌మన్, పొద్దుటూరు జట్టంటే ప్రాణం పెట్టే మనిషి. ఈ ఇద్దరి నోళ్లు లేకపోతే ఆ టోర్నమెంటుకు ప్రేక్షకులే లేరని చెప్పొచ్చు.

"ఇంట్లో పులి, బయట పిల్లి. ఫైనలుకు రా దాసయ్యన్నా, సూస్తాం" అనేవాడు అన్సర్.

ఫైనలు ఒక ఏడు పొద్దుటూరులో, ఒక ఏడు పులివెందులలో. అక్కడికి పోగానే మన బంతులు రింగును అందుకోకుండా ముందే రాలిపోయేవి. దాసయ్య దగ్గర కారణాలకు కొదవా? ఒక ఏడు బస్సు కుదుపు. ఒక ఏడు పొద్దున తిన్న ఉగ్గాని. ఒక ఏడు రిఫరీ బామ్మర్దిది పొద్దుటూరు. ఎనిమిదేళ్ల కిందట జట్టులో ఏంజెల్ అనే పిల్ల ఉండేది. బంగారంలాంటి చెయ్యి. ఫైనలు ఓడిపోయాక ఆ పిల్ల ఏడుస్తూ ఒక మాట అంది.

"తాతా, ఈడ గీత దూరంగా ఉన్నట్టుండాది."

దాసయ్యకు ఒళ్లు మండింది. "గీత దూరం కాదు మే, నీ ధైర్యం దూరం! గుండె లేనిదానివి ఆటకెందుకొచ్చినావు?" అన్నాడు, అందరి ముందరే. ఏంజెల్ మళ్లీ బంతి ముట్టుకోలేదు. డిగ్రీ మధ్యలో వదిలేసి, అన్సర్ పనిచేసే కొట్లోనే చీరలు మడతపెట్టే పనికి కుదిరింది.

ఈ ఏడు ఆమె చెల్లెలు మౌనిక వచ్చింది. అక్కను మించిన చెయ్యి. వాళ్ల నాయన జయపాల్ చిలమకూరులో లారీలకు సిమెంటు బస్తాలు ఎత్తుతాడు. ఆ పిల్లకు వచ్చే మార్కులకు పైచదువుకు సీటు రాదు, సీటు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. ఫైనలుకు యూనివర్సిటీ సెలెక్టర్లు వస్తారు. వాళ్ల కంట్లో పడితే జట్టులో చోటు, దానితో స్పోర్ట్స్ కోటాలో వ్యాయామ టీచరు కోర్సు బీపీఈడీలో సీటు. రేపు ఏదో ఒక బడిలో పీఈటీ ఉద్యోగం. దాసయ్యకు మార్చిలో రిటైర్మెంటు. పోయేలోపు ఈ ఒక్క పిల్లను ఒడ్డున పడేయాలని పంతం పట్టాడు. నాలుగు నెలలు తెల్లారుజామునే గీత పోసి, గీత బయట నిలబెట్టి వేయించాడు. పదికి ఎనిమిది పడుతున్నాయి.

"పాపా, పులివెందులలో ఈటిలో సగం పడినా సాలు, నీ పేరు రాసుకోకుండా యాడికి పోతారు?" అన్నాడు.

పులివెందులలో సిమెంటు కోర్టు. రంగు వేసిన గీతలు. ఎదుటి జట్టు పొద్దుటూరు. మౌనిక గీత బయట నిలబడి మొదటి బంతి వేసింది. సూటిగా పోయింది, ఒక్క వేలెడు పక్కకు తొలగలేదు. రింగుకు ముందే దిగిపోయింది. రెండోదీ అంతే. మూడోది బలంగా విసిరింది, బలంతో గురి చెడింది. పదకొండు వేస్తే ఒక్కటి పడింది. అవతలి గట్టు మీద అన్సర్ ఊరుకుంటాడా?

"దాసయ్యన్నా, పిల్లకు సంగటి పెట్టకుండా పిలుచుకొచ్చినావా ఏంది?"

జనం గొల్లున నవ్వారు. మూడో క్వార్టరులో సెలెక్టర్లు ఫైలు మూసి టీకి లేచారు. మళ్లీ మన పిల్లల వైపు చూడలేదు. తొమ్మిది పాయింట్ల తేడాతో జమ్మలమడుగు ఆరోసారి ఓడింది.

దాసయ్యకు కన్నీళ్లు రాలేదు, కోపం వచ్చింది. మౌనిక చెయ్యి ఆయనకు తెలుసు, ఆ చెయ్యి తప్పదు. మరి తప్పింది ఏది? చటుక్కున తట్టింది. వీళ్లే గీత దూరం జరిపి ఉంటారు! అచ్చొస్తుందని ఫైనలుకు తాడు వెంట తెచ్చుకోవడం ఆయనకు అలవాటు. కవరు విప్పి, తాడు చేతపట్టుకొని, పెద్ద రిఫరీ ముందుకు పోయి నిలబడ్డాడు.

"సార్, ఇది మోసం. గీత తప్పు. కొలుద్దాం రాండి అందరూ!"

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే" అన్నాడు అన్సర్, అంటూనే వచ్చి తాడు కొసను రింగు కింద పట్టుకున్నాడు. దాసయ్య రెండో ముడి పట్టుకొని వెనక్కి నడిచాడు. తాడు బిగిసింది. ముడి గీతకు ఇంకా మూరెడు ఇవతలే ఉంది.

"సూసినారా! మూరెడు! మూరెడు జరిపినారు నా కొడుకులు! పిలవండి ఆ సెలెక్టర్లను!" దాసయ్య కేకకు ఆటగాళ్లు, టీ తాగేవాళ్లు అంతా మూగారు. మౌనిక కూడా వచ్చి నిలబడింది. ఆ పిల్ల ముఖంలో కాస్త వెలుగు వచ్చింది, పాపం.

రిఫరీ సంచిలోంచి టేపు తీశాడు. రింగు కింది నుంచి గీత దాకా పరిచాడు. ఆరుముప్పావు మీటర్లు. తర్వాత దాసయ్య తాడును రెండో ముడి దాకా కొలిచాడు. ఆరుంబావు.

"ఇది పాత కొలత పెద్దాయనా. రూలు మారి పదమూడేళ్లు అవుతాండాది. మీ కాలేజీకి సర్క్యులర్ రాలేదా?"

వచ్చింది. దాసయ్యకు అప్పటికప్పుడే గుర్తొచ్చింది, రాకపోతే ఎంత బాగుండేది! పీడీ పోస్టు ఖాళీగా ఉన్న రోజులవి. కవరు వచ్చింది, సంతకం పెట్టి తీసుకున్నది తానే. ఆటల కాగితమని పైన రాసి, ఫైలులో పెట్టి, కొత్త సారు వచ్చాక చూస్తాడులే అని దారం కట్టిందీ తానే. వచ్చిన సారు ఆ దారం విప్పలేదు. తానూ గుర్తు చేయలేదు. తాడుండగా కాగితాలెందుకు?

అన్సర్ తాడు కొస మెల్లగా కింద పెట్టి, పక్కకు తప్పుకున్నాడు. మౌనిక గీతను చూసింది, ముడిని చూసింది, దాసయ్యను చూసింది.

"అయితే మా అక్క చెప్పింది నిజమే కదా తాతా" అంది. బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు.

యూనివర్సిటీ జట్టు జాబితా వారం తిరక్కుండానే వచ్చింది. అందులో మౌనిక పేరు లేదు. ఆ ఆదివారం చర్చిలో దాసయ్య ఏ అవసరతా చెప్పలేదు. రాములమ్మ ఆయన వైపు చూసి, తల దించుకుంది. సోమవారం సెలవు పెట్టి పొద్దుటూరు బస్సెక్కాడు. చీరల కొట్లో అన్సర్ ఆయన్ను చూసి, లోపలి బల్ల వైపు చెయ్యి చూపించాడు.

ఏంజెల్ చీరలు మడతపెడుతోంది. "ఏం తాతా, అవ్వకు చీరనా?" అంది మామూలుగా.

"చీర కాదు పాపా." దాసయ్య బల్ల మీద తాడు పెట్టాడు. "తప్పు నాది. గీత దూరమనే నువ్వు చెప్పినావు. నేనే..."

"మౌనిక చెప్పింది" అంది ఏంజెల్. చేతిలో చీర అంచులు కలిపి, మడత సరిచేసింది. "ధైర్యం లేనిదానివి అన్నావు. పెద్దోడివి, ఆట తెలిసినోడివి. నిజమే అనుకున్నా తాతా. పరీక్షలకు పోదామంటే గుర్తొచ్చేది, పోలేదు. ఉద్యోగానికి అప్లికేషను పెడదామంటే గుర్తొచ్చేది, పెట్టలేదు. ఎనిమిదేండ్లు నాకు ధైర్యం లేదనే అనుకోని బతికినా."

దాసయ్య క్షమించమని అడగడానికే వచ్చాడు. ఏమని అడుగుతాడు? మూరెడు తేడాకు ముడి విప్పి కట్టుకోవచ్చు. ఎనిమిదేళ్లకు ఏ ముడి విప్పాలి?

ఇద్దరు ఆడవాళ్లు పట్టుచీరలు చూపించమంటూ బల్ల దగ్గరికి వచ్చారు. ఏంజెల్ తాడు తీసి దాసయ్య చేతిలో పెట్టింది.

"కొంచెం పక్కకు జరుగు తాతా, బేరమొచ్చింది" అంది.