వీడియోలో చూపించిన ఇల్లు

మొన్న గురువారం, నేను పనిచేసే ఇంటి మదామ్‌ను అల్ ఘర్రాఫాలో వాళ్ళ అక్కగారింటి దగ్గర దింపి, కారు నీడకు పెట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగింది. ఉమ్ ఘువైలినాలో ఉండే మా భాయ్. "అన్నా, నేను గూడ ఇల్లు కొంటున్న, నిజామాబాద్‌ల. మీ లాయరమ్మ మా దిక్కు కాగితాలు చూస్తదా?" అన్నాడు. సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి, తర్వాత ఏమొస్తుందో తెలుసు గనక. వచ్చింది. "బ్యాంకోళ్ళు వీడియోల మనముండే ఇల్లు చూస్తరట గదా. రేపు జుమ్మా నమాజ్ అయినంక వచ్చి పక్కకు కూసో అన్నా. నాకు భయమైతాంది." సరేనన్నాను. ఫోను పెట్టేశాక కారులో ఏసీ పెంచుకున్నాను.

ఇక్కడ గల్ఫ్‌లో నేను హౌస్ డ్రైవర్‌ని, ఒక ఇంటివాళ్ళ కారు నడిపేవాణ్ణి. ముఐథర్‌లో ఒక విల్లా, దాని గేటు పక్కన నా గది. ఒక మంచం, మంచం కింద రైస్ కుక్కరు, గోడ నుంచి గోడకు కట్టిన తాడు, తాడు మీద చొక్కాలు. తల నెరిసింది ఆ గదిలోనే. భాయ్ ఒక కంపెనీలో ఏసీ మెకానిక్. మా విల్లాకు ఏసీ బాగుచేయడానికి వచ్చి, నిచ్చెన మీద ఉండగా నేను కారు టైరును కడప భాషలో తిట్టడం విని, పని ఆపి కిందికి చూసి "అన్నా, ఏ ఊరు?" అన్నాడు. ఆనాటి నుంచి నా శుక్రవారాలన్నీ వాళ్ళింట్లోనే. భాయ్ భార్య, మా భాబీ, చేసే ఖట్టీ దాల్ కోసం, ఆ పుల్లటి పప్పు కోసం, నేను రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణంటే ఇక చెప్పేదేముంది.

కొన్నేళ్ళ కిందట నేను ఇల్లు కొన్న సంగతి చెప్పాలి. కడపలో నా భార్యాబిడ్డలు ఉంటున్న అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నారు. అదే వీధిలో ఒక చిన్న ఇల్లు అమ్మకానికొచ్చింది. నెలాఖరులోగా బ్యాంకు ఊ అనకపోతే వేరే వాళ్ళకిచ్చేస్తామని అమ్మేవాళ్ళు కచ్చితంగా చెప్పేశారు. ముందు లాయరును చూసుకోవాలి గదా. ఇక్కడి నుంచి ఫోన్లోనే వెతికాను. మొదటాయన కాగితాల మాట ఎత్తకుండా, గల్ఫ్‌లో బంగారం ధర ఎంతుందని అడిగాడు. రెండో ఆయన "రిజిస్ట్రారు మనవాడే, కాగితాలదేముంది" అన్నాడు. ఆ ధైర్యం చూసి నాకు భయమేసింది. మూడో మనిషి ఒక పెద్దామె. అందరూ లాయరమ్మ అంటారు గానీ మాట తీరు మాత్రం అచ్చం మా మేనత్తదే. బ్యాంకుకు సొంత లాయరున్నాడు గదా, మళ్ళీ మీరెందుకని తెలివిగా అడిగాననుకున్నాను. "బ్యాంకు లాయరు బ్యాంకు కోసం చూస్తాడు నాయనా. నీ కోసం ఎవురు చూస్తారు?" అంది. ఆ మాటతో ఆమెనే పెట్టుకున్నాను. ఆమె పాత దస్తావేజులన్నీ తెప్పించి, అమ్మేవాళ్ళ చెల్లెలి సంతకం లేదని పట్టుకుని, ఆ సంతకం పెట్టించేదాకా ఎవర్నీ నిద్రపోనివ్వలేదు.

అంతా సవ్యంగా ఉండగా బ్యాంకువాళ్ళు వీడియోలో నేనుండే చోటు చూస్తామన్నారు. ఉన్నది ఉన్నట్టు చూపించమని లాయరమ్మ చెప్పింది. నేను ఆమె మాట వింటే గదా! పక్క విల్లా డ్రైవరు, జన్మలో బ్యాంకు గడప తొక్కనివాడు, "గేటు గది చూపిచ్చినావంటే నీ లోను గోవిందా" అన్నాడు. అతని మాట విన్నాను. భాయ్‌ని అడిగితే "మన ఇల్లే గదన్నా" అని, ఆ రోజు డ్యూటీ మార్చుకుని మరీ హాలంతా సర్దాడు. భాబీ సోఫాకు కొత్త గుడ్డ వేసింది. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నడిమధ్యలో కూర్చున్నాను, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు.

బ్యాంకబ్బాయి మర్యాదస్తుడు. హాలు చూశాడు, కిటికీ చూశాడు, బాగుంది సార్ అన్నాడు. అంతలో భాయ్ ట్రేలో చాయ్ పట్టుకుని నా వెనక నుంచి వచ్చాడు. "ఆయనెవురు సార్?" అన్నాడు అబ్బాయి. ఏమైనా అనొచ్చు. స్నేహితుడనొచ్చు. నా నోట్లోంచి వచ్చింది: "మా డ్రైవరు."

 అబ్బాయి ముందున్న కాగితం చూసుకున్నాడు. "డ్రైవర్ మీరే గదా సార్? అప్లికేషన్లో అట్లే రాసినారే," అన్నాడు.  ఎవరింట్లో కూర్చున్నానో, ఎవరి చాయ్ తాగబోతున్నానో ఆ మనిషినే నా కింద పనివాణ్ణి చేశాను, అదీ నేను చేసే పని పేరే పెట్టి. భాయ్ ట్రే కింద పెట్టాడు. చేతులు కట్టుకుని, కొంచెం వంగి, "సాబ్, గాడీ తీసిన. టైమయింది, యల్లా, పోదాం," అన్నాడు. నన్ను ఆ ఫోను ముందు నుంచి లేపడానికి. అటువైపు అబ్బాయి నవ్వు ఆపుకుంటున్నట్టు తెలిసింది. ఫోను కట్టయింది. వంటింటి తెర కదిలింది. భాబీ అంతా విన్నదన్నమాట.

మర్నాడు లాయరమ్మ ఫోనులో దులిపేసింది. "వాళ్ళు అప్పిచ్చేది నీ గదిని చూసి గాదు నాయనా, నీ జీతాన్ని చూసి. నువ్వు ఆడ ఉండావా లేదా అనే చూసేది. నేను వాళ్ళతో మాట్లాడినా. ఈసారన్నా నీ గదిలో కూచో." కూర్చున్నాను. తాడు మీద చొక్కాలు కూడా తీయలేదు. అబ్బాయి ఒకసారి చూసి "చాలు సార్" అన్నాడు. లోను వచ్చింది. ఆ గదిని చూపించినప్పుడు నాకు ఏ సిగ్గూ వేయలేదు.

సిగ్గంతా ఉమ్ ఘువైలినాలోనే ఉండిపోయింది. ఆ మరుసటి శుక్రవారం భాయ్ ఫోన్ చేసి "సాబ్, ఖట్టీ దాల్ రెడీ" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. వెళ్ళి తిన్నాను. మన్నించమని అడగడానికి ప్రతి శుక్రవారం ఒక వాక్యం తయారు చేసుకుని వెళ్ళడం, తిని, చేయి కడుక్కుని వచ్చేయడం. ఇల్లు నాదై ఏళ్ళు గడిచినా ఆ వాక్యం నా దగ్గరే ఉంది.

నిన్న జుమ్మా అయ్యాక వెళ్ళాను. నిజామాబాద్‌లో తనకు తెలిసిన ఒక లాయరు నంబరు లాయరమ్మ ఇచ్చిందని చెప్పాను. భాయ్ సోఫాలో బిగుసుకుని కూర్చున్నాడు. ఫోను మోగగానే నేను వంటింటి వైపు నడిచి, భాబీ చేతిలోంచి ట్రే తీసుకున్నాను. ఆమె నా మొహం చూసి, తెర పక్కకు జరిపింది. కావాలనే భాయ్ వెనకగా నడిచాను. ఈసారి అతను అనాలి, నన్ను మా డ్రైవరని అనాలి. అంటే నా బరువు దిగిపోతుంది. అదే నా ఆశ.

"వెనక ఎవరండీ?" అన్నది ఫోనులో ఒక ఆడగొంతు. భాయ్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా చేతిలో ట్రే చూశాడు. అర్థమైంది అతనికి, ఆ చిన్న నవ్వే చెప్పింది. జరిగి, పక్కన చోటు చేసి, నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "మా అన్న మేడం. కడప అన్న. ఇల్లు కొనుడు ఆయన్ని జూసే నేర్చిన," అన్నాడు.

చాయ్ సగం సాసర్లో ఒలికింది. నేను ఆ ఫోను వైపు చూడలేకపోయాను. అదే సోఫా మీద ఆనాడు నాకు దొరకని మాట ఇంత చిన్నదని, అది అనడానికి అరనిమిషం కూడా పట్టదని, ఇన్నేళ్ళకు నా కళ్ళతో చూశాను.